గేట్లు లేని సాగర్: మార్చిలో వచ్చే మంచు వరద

[చాదర్‌ఘాట్ వంతెన మీద నుంచి మూసీ]

హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తారన్న కబురు వస్తే చాలు, కింద మూసానగర్‌లో బియ్యం సంచులు, టీవీలు పై అంతస్తుకి ఎక్కుతాయి. 2020 అక్టోబర్‌లో చూశాం. కష్టమే, కానీ గేటు ఎత్తేముందు చెప్పేవాళ్లు ఉంటారు. అసలు గేట్లే లేని సాగర్ ఒకటుంది. అదే మంచు.

అమెరికాలో ఉన్న మన పిల్లలు మార్చిలో ఫోన్ చేసి "ఇక్కడ వరద హెచ్చరిక అమ్మా" అంటే మనకి అంతుపట్టదు. వానాకాలం కాదు కదా! మన దగ్గర పడిన వాన పడినట్టే వాగులో కలుస్తుంది. అక్కడ మూడు నాలుగు నెలలు పడింది నేల మీదే పేరుకుపోయి ఉంటుంది. దాని మీద ఒక వెచ్చటి వాన పడుతుంది.

వాన నీళ్ల వేడికే మంచు కరిగిపోతుందనుకుంటాం. లెక్క చూడండి. 10 డిగ్రీల వెచ్చదనమున్న వాన 10 మిల్లీమీటర్లు పడితే, కరిగే మంచు ఒకటింబావు మిల్లీమీటరు నీటికి సమానం. అంతే! మరి కరిగించేదేంటి?

[దగ్గరగా: ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు సీసా]

జూలైలో ఈ సీసా బల్ల మీద పెడితే నిమిషంలో చెమట పడుతుంది. ఈ చుక్కలు లోపలివి కావు, గాలిలోని ఆవిరి. ఆవిరి నీరయ్యేటప్పుడు తనలోని వేడిని సీసాకి ఇచ్చేస్తుంది. మంచు మీదా ఇదే జరుగుతుంది. ఒక్క గ్రాము ఆవిరి నీరైతే ఏడు గ్రాములకు పైగా మంచు కరుగుతుంది. గాలి వీస్తున్నంతసేపూ కొత్త ఆవిరి వస్తూనే ఉంటుంది, రాత్రైనా ఆగదు. నాకు అన్నిటికన్నా భయం వేసేది ఇక్కడే: ఊరు నిద్రపోతుంటే సాగర్ ఖాళీ అవుతుంటుంది.

కింద నేల గడ్డకట్టి ఉంటే చుక్క ఇంకదు. నది మీది మంచు పలకలు విరిగి వంతెన స్తంభాలకు అడ్డం పడతాయి, నీళ్లు వెనక్కి తన్నుతాయి. 2019 మార్చి 14న నెబ్రాస్కాలో నయోబ్రారా నది మీది స్పెన్సర్ డ్యామ్ తెగింది ఇలా వరదా, మంచు పలకలూ కలిసి వచ్చి పడ్డందుకే.

1908 సెప్టెంబర్ 28 మూసీ వరద తర్వాత మనం ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టుకున్నాం. ఇవాళ వాటి మట్టం ఎన్ని అడుగులో చూస్తాం. మంచుకీ మట్టం ఉంది: గొట్టం దించి, మంచుని తీసి తూకం వేస్తారు. కొత్త మంచు పది అంగుళాలు కరిగితే సుమారు ఒక అంగుళం నీరు. మార్చి నాటికి అణిగిన మంచైతే మూడు అంగుళాలు దాటొచ్చు.

ఈసారి ఫోన్ వస్తే "మంచు ఎంత ఎత్తు పడింది నాన్నా" అని కాదు, "అందులో నీళ్లెంత ఉన్నాయంటున్నారు?" అని అడగండి. బేస్‌మెంట్‌లో పడుకుంటుంటే ఆ రాత్రికి పైకి మారమనండి.