గెలవరని మీకెవరు చెప్పారు?

(అయోవాలో తెలుగువారి సంక్రాంతి సభ, జనవరి 2020)

అందరికీ నమస్కారం, పండగ శుభాకాంక్షలు. పెద్దల పేర్లు చదవను, ఒక్కరిని మర్చిపోయినా ఏడాదంతా మాట పడాలి. కాకస్‌కి, అంటే పార్టీ తరఫున అధ్యక్ష ఎన్నికలో ఎవరు నిలబడాలో మనం తేల్చే సభకి, ఎలా వెళ్లాలో చెప్పి, ముగ్గుల పోటీ ఫలితాల్లోపు దిగిపొమ్మన్నారు. చెబుతాను. ముందు నా కడుపులో మాటొకటుంది.

ఈమధ్య ఎవరింటికి భోజనానికెళ్లినా ఒకటే చర్చ: మన డెమొక్రాట్లలో ట్రంప్‌ని ఎవరు ఓడిస్తారు? ఎవరు బాగా పాలిస్తారని అడిగేవాళ్లే లేరు. వారెన్ అంటే, "నాకిష్టమేనండీ, ఇక్కడి జనమే ఆడమనిషికి వెయ్యరు." సాండర్స్ అంటే, "సోషలిస్టుకి ఒహాయో లాంటి రాష్ట్రంలో ఎవరేస్తారు?" బుటిజెజ్ అంటే గొంతు తగ్గించి, "ఆయన గే కదా, పల్లెటూళ్లవాళ్లు ఒప్పుకోరు." మనకెవరికీ అభ్యంతరం లేదట, అంతా పక్కింటివాళ్లదేనట! ఆ పక్కింటాయన్ని అడిగినవాళ్లు చేతులెత్తండి. ఒక్కటే చెయ్యి. అది మా ఆయనది, లెక్కలోకి రాదు.

2004 జనవరి 19న నేను మా వీధి చివర స్కూలు జిమ్‌లో ఉన్నాను. కొత్తవాళ్ల కోసం చెబుతున్నా, కాకస్‌లో చాటుగా ఓటెయ్యడం ఉండదు. గోడకి అభ్యర్థుల పేర్లతో కాగితాలు అంటిస్తారు, ఎవరికి నచ్చిన పేరు కింద వాళ్లు నిలబడాలి. తలలు లెక్కపెడతారు. మామూలుగా పదిహేను శాతం లేని గుంపు నిలవదు. వాళ్లని మిగతా గుంపులవాళ్లు వచ్చి బతిమాలుతారు, అచ్చం మన రచ్చబండే. అప్పటి అధ్యక్షుడు బుష్ మీద డెమొక్రాట్ల తరఫున ఎవరు నిలబడాలన్నది ఆ రాత్రి సంగతి. నేను హోవర్డ్ డీన్ కాగితం కింద ఉన్నాను. ఇరాక్ యుద్ధం వద్దని మొదట్నించీ అన్నవాడు డీన్. సెనేట్‌లో దానికి ఓటేసినవాడు జాన్ కెర్రీ. నా పక్కన ఒక మొక్కజొన్న రైతు, పెద్దాయన, డీన్‌ని తెగ మెచ్చుకుంటున్నాడు. తీరా లెక్క మొదలయ్యే ముందు కోటు భుజాన వేసుకుని కెర్రీ వైపు నడిచాడు. అదేంటండీ అంటే, "ఆయనకి వియత్నాం యుద్ధంలో వచ్చిన మెడల్స్ ఉన్నాయమ్మా, బుష్ ఏమీ అనలేడు" అన్నాడు. డీన్ నచ్చలేదని మాత్రం అనలేదు!

ఆ రాత్రి కెర్రీకి 38 శాతం, డీన్‌కి 18. ఓడిపోయాక తన మద్దతుదారుల ముందు డీన్ వేసిన కేకని టీవీలు అరగదీశాయి గానీ, ఆ కేకకి ముందే లెక్క తేలిపోయింది. ఆగస్టు వచ్చేసరికి ఆ మెడల్స్ మీదే టీవీ ప్రకటనలు, కెర్రీ అబద్ధాలు చెబుతున్నాడంటూ, వియత్నాంలో పడవల మీద పనిచేసినవాళ్లతోనే. నవంబర్‌లో రాష్ట్రాలవారీగా లెక్కేసే ఎలక్టోరల్ ఓట్లు బుష్‌కి 286, కెర్రీకి 251. ఏమీ అనలేడన్నారే! మన అయోవా కూడా బుష్‌కే వేసింది.

డీన్ అయితే గెలిచేవాడా? అలా అనను. వెనక ఎవరో మెక్‌గవర్న్ అంటున్నారు. నిజమే, 1972లో డెమొక్రాట్లు మనసుకి నచ్చిన ఆ మెక్‌గవర్న్‌నే నిలబెట్టి 49 రాష్ట్రాలు నిక్సన్‌కి అప్పజెప్పారు. మరి 1980 సంగతో? రీగన్ మరీ ఛాందసుడు, వయసు 69, రిపబ్లికన్ల తరఫున ఆయనొస్తే మనకి తేలికని అప్పటి అధ్యక్షుడు కార్టర్ మనుషులే అనుకున్నారు. ఆయన 44 రాష్ట్రాలు ఊడ్చుకుపోయాడు. 2008లో ఒబామాకి ఈ తెల్లవాళ్ల రాష్ట్రంలో ఎవరేస్తారన్నారు. మొదట గెలిచింది ఇక్కడే. ఆ మాట మన భోజనాల దగ్గరా విన్నాను. అన్నవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. పేర్లు చెప్పనన్నానుగా.

గంట కొడుతున్నారు, సరే. ఫిబ్రవరి 3, సోమవారం, సాయంత్రం ఏడింటికి. ఏడు దాటితే రానివ్వరు, మన టైమింగ్ అక్కడ చెల్లదు. పౌరసత్వం ఉండాలి. పార్టీలో నమోదు కాకపోతే అక్కడే చేస్తారు, గుర్తింపు కార్డు తీసుకెళ్లండి. నవంబర్ ఎన్నికల నాటికి పద్దెనిమిది నిండే పిల్లలూ నిలబడొచ్చు. ఎవరి కాగితం కిందన్నది మీ ఇష్టం. నా పక్కన నిలబడి "ఆడమనిషి గెలవదు" అని మాత్రం అనకండి. కారు లేనివాళ్లు అరిసెల బల్ల దగ్గర నాకు పేరివ్వండి, మా వ్యాన్‌లో ఇంకా నలుగురు పడతారు.