గులాబీ ఫ్లెమింగో: అమెరికా ముంగిట్లో ప్లాస్టిక్ పక్షి

సభకు నమస్కారం.

ఈ బల్ల మీది రెండు పక్షుల్ని లోపలికి వస్తూనే అందరూ చూశారు. కొందరు నవ్వారు కూడా. అమెరికావాళ్ళ కొనుగోలు సంస్కృతి గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. మాల్స్ గురించో, బ్లాక్ ఫ్రైడే తగ్గింపు అమ్మకాల గురించో చెబుతానని మీరు అనుకుని ఉంటారు. నాకు మాత్రం అమెరికావాళ్ళు ఇంటి ముందు గడ్డిలో గుచ్చుకునే ఈ ప్లాస్టిక్ ఫ్లెమింగోల గురించే చెప్పాలని ఉంది.

దగ్గరికి వచ్చి చూడండి. ఒకటి మెడ ఎత్తి నిలబడింది, రెండోది తల వంచి మేత వెతుక్కుంటోంది. అసలైనవి ఇలా జతగానే అమ్ముతారు. లోపలంతా డొల్ల కాబట్టి చేతికి బరువే తెలియదు. ఒంటి పొడవునా సన్నని అతుకు ఉంది చూడండి, అచ్చులోని రెండు సగాలు కలిసిన చోటు అది. వేడి ప్లాస్టిక్ గొట్టాన్ని ఆ రెండు సగాల మధ్య బిగించి లోపలికి గాలి ఊదితే, అది ఉబ్బి గోడలకు అంటుకుని పక్షి రూపు తీసుకుంటుంది. కాళ్ళు సన్నటి ఇనప కడ్డీలు. కడుపు కింది చిల్లుల్లో దూర్చి గడ్డిలో గుచ్చితే అయిపోయింది.

ఈ పక్షి పుట్టింది మసాచుసెట్స్‌లో, బోస్టన్ నుంచి గంట ప్రయాణం దూరంలో ఉన్న లెమిన్‌స్టర్‌లో. ఆ ఊరు మొదట్లో దువ్వెనలకు పేరు. పశువుల కొమ్ముల్ని కోసి, వేడిచేసి, అణిచి దువ్వెనలు చేసేవాళ్ళు. తర్వాత సెల్యులాయిడ్ అనే తొలితరం ప్లాస్టిక్ వచ్చింది. 1920లలో ఆడవాళ్ళు జుట్టు పొట్టిగా కత్తిరించుకోవడం మొదలుపెట్టేసరికి దువ్వెనల గిరాకీ దెబ్బతింది. దాంతో ఆ ఊళ్ళోని శామ్ ఫాస్టర్ కంపెనీ చలవ కళ్ళద్దాల వైపు మళ్ళింది. మరికొందరు బొమ్మలకు, గిన్నెలకు మళ్ళారు. జనం ఏది కొంటే దాన్ని చేసుకుంటూ తరాల తరబడి బతికిన ఊరు అది. ఈ పక్షిని ఎవరైనా వెక్కిరిస్తే నాకు ముందు గుర్తొచ్చేది అక్కడి కార్మికులే.

1957లో యూనియన్ ప్రాడక్ట్స్ అనే అక్కడి ఫ్యాక్టరీలో డాన్ ఫెదర్‌స్టోన్ అనే ఇరవయ్యొక్కేళ్ళ కుర్రాడు చేరాడు. వూస్టర్ ఆర్ట్ మ్యూజియం బడిలో శిల్పం నేర్చుకున్నాడు. మొదట బాతు చెయ్యమంటే బతికున్న బాతునే తెచ్చుకుని దాన్ని చూస్తూ చేశాడు. ఫ్లెమింగోను తెచ్చుకునే వీల్లేదు కనుక నేషనల్ జియోగ్రాఫిక్ ఫొటోలు ముందు పెట్టుకుని మట్టితో మలిచాడు. తల వంచిన పక్షి మెడ ఒంపు చూడండి, పక్షిని గమనించిన చెయ్యి అది. సియర్స్ అనే పెద్ద దుకాణాల కంపెనీ కేటలాగులో అప్పట్లో జత ధర 2 డాలర్ల 76 సెంట్లు.

ఎందుకంతగా కొన్నారు? యుద్ధం తర్వాత లెవిట్‌టౌన్ లాంటి సబర్బులు, అంటే నగర శివారు కాలనీలు వెలిశాయి. న్యూయార్క్ దగ్గర ఒక్క లెవిట్‌టౌన్‌లోనే 1947 నుంచి నాలుగైదేళ్ళలో 17 వేలకు పైగా ఇళ్ళు కట్టారు. ఇల్లు చూస్తే ఇల్లు ఒకటే, ముందున్న గడ్డీ ఒకటే. వారం వారం గడ్డి కొయ్యాలి, కంచె వెయ్యకూడదు. తెల్లవాళ్ళు తప్ప వేరేవాళ్ళు అక్కడ ఉండకూడదని మొదట్లో ఒప్పంద పత్రాల్లోనే రాశారు. అంటే మనలాంటి వాళ్ళకు ఆ గడ్డి మీద అడుగుపెట్టే వీలే లేదు. ఈ మాట ఇక్కడున్న పిల్లలు గుర్తుపెట్టుకోవాలని నా కోరిక. అలాంటి వీధిలో, ఫ్యాక్టరీలో ఎనిమిది గంటలు పనిచేసి వచ్చిన మనిషి, ఇది నా ఇల్లు అని చెప్పుకోవడానికి మూడు డాలర్ల లోపు దొరికినది ఈ పక్షి.

ఫ్లెమింగోనే ఎందుకంటే అది ఫ్లోరిడా గుర్తు. 1920ల నాటికే మయామీ బీచ్‌లో డబ్బున్నవాళ్ళ హోటల్‌కు దాని పేరుంది. 1946లో లాస్ వేగస్‌లో మరో హోటల్‌కు అదే పేరు పెట్టారు. చలికాలంలో ఫ్లోరిడాకు వెళ్ళే స్తోమత లేనివాళ్ళు ఆ రంగునే ఇంటి ముందుకు తెచ్చుకున్నారు. ఇందులో నన్ను బాధపెట్టే సంగతి ఒకటుంది. అసలు పక్షుల్ని ఈకల కోసం, మాంసం కోసం వేటాడి 1900 నాటికే ఫ్లోరిడాలో దాదాపు లేకుండా చేశారు. నెల్లూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు పులికాట్‌లో ఏటా చలికాలంలో వాలే ఫ్లెమింగోల్ని చూసే ఉంటారు. అవి లేత రంగువి, అమెరికా జాతిది ఇంకా ముదురు గులాబీ. ఆ రంగు పక్షి ఫ్లోరిడా నీళ్ళలో కనిపించకుండా పోయిన దశాబ్దాల తర్వాత లక్షల ప్లాస్టిక్ పక్షులు గడ్డి మీద నిలబడ్డాయి.

తర్వాత వెక్కిరింత మొదలైంది. చదువుకున్నవాళ్ళు దీన్ని అభిరుచి లేనితనానికి గుర్తుగా చూపించారు. చవక, నకిలీ, ప్లాస్టిక్ అన్నారు. కానీ అదే కాలంలో గొప్పవాళ్ళ తోటల్లో గ్రీకు దేవతల సిమెంటు నకళ్ళు ఉండేవి. వాటినెవరూ ఏమీ అనలేదు. తమ పక్షి రాకముందు చెడ్డ అభిరుచి కూడా డబ్బున్నవాళ్ళకే అందుబాటులో ఉండేదని ఫెదర్‌స్టోన్ అనేవాడు. అందులో నిజం ఉంది. అభిరుచి పేరుతో ఇక్కడ కొలుస్తున్నది జీతాన్ని.

ఆ వెక్కిరింత కూడా సరుకైపోయింది. 1979 సెప్టెంబరులో విస్కాన్సిన్ యూనివర్సిటీ విద్యార్థులు మాడిసన్‌లోని బాస్కమ్ హిల్ మీద 1,008 ఫ్లెమింగోలు గుచ్చారు. అప్పటికే చాలామంది ఈ పక్షిని కొంటున్నది సరదాకి, కావాలనే ఎబ్బెట్టుగా కనిపించడానికి. 2009లో మాడిసన్ నగర కౌన్సిల్ దీన్ని అధికారిక పక్షిగా ప్రకటించింది. ఇష్టంగా కొన్నవాళ్ళకీ, నవ్వుకోవడానికి కొన్నవాళ్ళకీ అదే అచ్చులోంచి వచ్చిన అదే పక్షి. కొనేవాడి మనసులో ఏముందో బజారుకు అక్కర్లేదు. కొనుగోలు సంస్కృతి అంటే ఏమిటని అడిగితే నేను చూపించేది దీన్నే.

నకళ్ళు పెరిగిపోవడంతో 1987 నుంచి పక్షి కింది భాగంలో ఫెదర్‌స్టోన్ సంతకం పోత పోశారు. తర్వాత ఆయన కంపెనీ అధ్యక్షుడు కూడా అయ్యాడు. ప్లాస్టిక్ ముడిసరుకు, కరెంటు ఖర్చులు పెరిగి 2006లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. అచ్చులు చేతులు మారి, చివరికి పక్క ఊరు ఫిచ్‌బర్గ్‌లోని మరో కంపెనీకి చేరాయి. ఫెదర్‌స్టోన్ 2015లో కన్నుమూశాడు.

ఇది మట్టిలో కలిసిపోయే వస్తువు కాదు, ఆ సంగతి నేను దాచను. కానీ ఏళ్ళ తరబడి ఒకే జతను కడిగి, ఎండకు వెలిసినా పారేయకుండా, ప్రతి వసంతంలోనూ మళ్ళీ గుచ్చే ముసలివాళ్ళు ఉన్నారు. ఏటా అక్టోబరు చివర్లో వచ్చే హాలోవీన్ పండగకు కొత్త అలంకరణ సామాను కొని నవంబరులో చెత్తబండికి ఎత్తే ఇంటికంటే వాళ్ళ ఇల్లు నాకు నచ్చుతుంది.

మీలో చాలామంది హెచ్‌ఓఏలు, అంటే ఇళ్ళ యజమానుల సంఘాలు ఉన్న కమ్యూనిటీల్లో ఉంటున్నారు. వాటిలో కొన్ని ఇంటి ముందు బొమ్మలు పెట్టకూడదని రాసుకున్నాయి. ఈ రోజు ఫ్లెమింగోకు పెట్టిన నిబంధనే రేపు మన గుమ్మం ముందు వినాయకుడికీ వర్తిస్తుంది. ఆస్తి విలువ పడిపోతుందని భయపెట్టి అలాంటి నిబంధన ఓటుకు పెడితే, మీటింగుకు వెళ్ళండి. ఆ బొమ్మ ఎవరింటి ముందుందో కనుక్కోండి. వాళ్ళతో ఒకసారి మాట్లాడాకే ఓటు వెయ్యండి.