మౌజల్‌లో ఆ గంటసేపు దీపాలు ఎందుకు ఆర్పుతారు?

[తెర మీద: చీకటి పడిన చిన్న రేవు, నీళ్ళలో ఊగుతున్న రంగు బల్బుల నీడలు]

ఇంగ్లాండ్‌కి నైరుతి కొసన, కార్న్‌వాల్‌లో ఉందీ ఊరు. పేరు ఉన్నదున్నట్టు చదివితే మౌస్‌హోల్, అంటే ఎలుక కన్నం, కానీ అక్కడివాళ్ళు పలికేది మౌజల్ అని. రేవు నోరు ఎంత ఇరుకంటే, చలికాలంలో పెద్ద అలలు లోపలికి రాకుండా లావుపాటి దుంగలు ఒకదాని మీద ఒకటి దింపి మూసేస్తారు.

ఊరి పండగ కూడా ఆ చలిలోనే, డిసెంబర్ 23న. పూర్వం ఒక ఏడాది తుఫాను తగ్గక ఊరంతా పస్తులుంటే, టామ్ బోకాక్ అనే జాలరి తెగించి సముద్రం మీదికెళ్ళి ఏడు రకాల చేపలు తెచ్చాడని కథ. ఆయన పేరు మీద ఆ రోజు "స్టార్‌గేజీ పై" అనే, పిండి మూతేసి కాల్చే చేపల వంటకం చేస్తారు. దగ్గరగా చూడండి, ఎర్రగా కాలిన పిండి మూతలోంచి పిల్చర్డ్ చేపల తలకాయలు బయటికొచ్చి ఆకాశంలోకి చూస్తుంటాయి! పిల్చర్డ్ అంటే మన కవళ్ళ లాంటిదే, తల పైకి పెడితే నూనె కిందికి దిగి కూరలోనే ఇంకుతుంది.



[తెర మీద: కొండవాలున మూసి ఉన్న పాత లైఫ్‌బోట్ షెడ్డు]

ఇక్కడ కాస్త ఆగుదాం. 1981 డిసెంబర్ 19 రాత్రి, యూనియన్ స్టార్ అనే సరుకు ఓడ ఇంజిన్ ఆగిపోయి, 8 మందితో రాళ్ళవైపు కొట్టుకొస్తోంది. హెలికాప్టర్ వల్ల కాలేదు. సముద్రంలో చిక్కుకున్నవాళ్ళని కాపాడే సాలమన్ బ్రౌన్ అనే చెక్క లైఫ్‌బోట్‌లో ఊరివాళ్ళు 8 మంది బయల్దేరారు, జీతానికి కాదు, అందరూ వలంటీర్లే. ఒక కుర్రాడు కూడా వస్తానంటే, అతని తండ్రి అప్పటికే ఎక్కాడు కాబట్టి రానివ్వలేదు పడవ నడిపే ట్రెవెలియన్ రిచర్డ్స్, ఆ రాత్రి ఒక ఇంటి నుంచి ఇద్దరు వద్దని. నలుగురిని ఎక్కించుకున్నామని రేడియోలో చెప్పారు. ఆ తర్వాత మాట లేదు. రెండు వైపులా కలిపి 16 మంది, ఒక్కరూ బతకలేదు. అంత జరిగాక కూడా, ఒక్క రోజులోనే కొత్త జట్టుకి సరిపడా మనుషులు మేమొస్తామని ముందుకొచ్చారు, ఇది తల్చుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

పోయినవాళ్ళలో ఒకాయన ఊళ్ళో పబ్ నడిపేవాడు, రెండు రోజుల ముందు రేవులో క్రిస్మస్ దీపాలు వెలిగించింది ఆయనే. ఊరు వాటిని ఆర్పేసింది. మూడు రోజులకి, మళ్ళీ వెలిగించండని అడిగింది ఆయన భార్యే. అందుకే ఏటా డిసెంబర్ 19న రాత్రి 8 గంటలకి దీపాలు ఆర్పుతారు, 9కి మళ్ళీ వెలిగిస్తారు.