మారతహళ్లి మేడమీద డీజే చదువు

నమస్కారమండి. నేను బెంగళూరు మారతహళ్లి నుంచి మాట్లాడుతున్నాను. మా సొంత ఊరు కదిరి. ఉద్యోగం వెతుక్కుంటూ ఈ నగరానికి వచ్చి తొమ్మిదేళ్లయింది. ఏడు నెలలుగా ప్రతి రాత్రీ భోజనం అయ్యాక ఒక గంటసేపు డీజే పని నేర్చుకుంటున్నాను. మొదటి రోజు పెట్టె విప్పినప్పటి నుంచి మొన్న మా అపార్ట్‌మెంటులోని తెలుగువాళ్లం కలిసి జరుపుకున్న ఉగాది సాయంత్రం దాకా నాకు అర్థమైన విషయాలు, ఈ పని మొదలుపెట్టాలని అనుకుంటున్నవారికి ఉపయోగపడతాయన్న నమ్మకంతో ఈ వీడియో చేస్తున్నాను.

ముందు డీజే అన్న మాట సంగతి తేల్చుకోవాలి. డీజే నేర్చుకుంటున్నానని ఫోనులో చెప్పగానే మా అమ్మ, “వినాయకుణ్ని సాగనంపేటప్పుడు ట్రాక్టరు మీద పెడతారే, గుండెలదిరిపోయే ఆ పెట్టెలేనా నాయనా?” అని కంగారుపడింది. మన ఊళ్లలో ఆ పెట్టెల వరసకే డీజే అన్న పేరు స్థిరపడిపోయింది కాబట్టి ఆమె అలా అడగడంలో తప్పు లేదు. నిజానికి డీజే అన్నది మనిషి చేసే పని. ఒక పాట నడుస్తుండగానే, ఎదుట ఆడుతున్నవాళ్ల అడుగు తడబడకుండా, దాని మీదికి ఇంకో పాటను తెచ్చి నిలబెట్టడమే ఆ పని. శబ్దం ఎంత పెద్దగా ఉండాలన్నది చాలా తరువాతి ప్రశ్న.

ఇప్పుడు మీకు బల్ల మీద కనిపిస్తున్నది పయొనీర్ డీడీజే-400. 2018లో వచ్చిన ఈ కంట్రోలర్‌ను, అంటే లాప్‌టాప్‌లోని పాటలను చేత్తో నడిపించే పెట్టెను, కమ్మనహళ్లిలో ఒక కుర్రాడి దగ్గర 16,000 రూపాయలకు, వాడినదే కొన్నాను. ఒక్కో పాటను నడిపే డెక్ ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి, నడుమ ఆ రెంటినీ కలిపే మిక్సర్ ఉంటాయి. పళ్లెంలా గుండ్రంగా ఉన్న ఈ జాగ్ వీల్‌తో పాటను వేలి కొసతో కొద్దిగా ముందుకో వెనక్కో నెట్టవచ్చు. దాని పక్కన నిలువుగా జరిగే మీట పాట వేగాన్ని మారుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది చూడటానికి చాలా చిన్నది: మిక్సర్‌లో హెడ్‌ఫోన్ గుర్తు ఉన్న ఈ క్యూ బటన్. దీన్ని నొక్కితే జనానికి ఇంకా వినిపించని పాట నా చెవికి మాత్రమే వినిపిస్తుంది. ఈ సదుపాయం లేకుండా ఎన్నాళ్లు సాధన చేసినా అది చూడకుండా సూదిలో దారం ఎక్కించడంలాంటిదే. అంత డబ్బు ఇప్పుడే పెట్టలేనివారు మిక్స్ (Mixxx) అనే ఉచిత డీజే సాఫ్ట్‌వేర్‌ను లాప్‌టాప్‌లో వేసుకుని కీబోర్డుతోనే మొదలుపెట్టవచ్చు. నేనూ మొదటి రెండు వారాలు అలాగే గడిపాను.

సింక్ అనే బటన్ నొక్కితే రెండు పాటల వేగాన్నీ సాఫ్ట్‌వేరే సమానం చేసేస్తుంది. అందులో తప్పేమీ లేదు. నిమిషానికి 96 దెబ్బల పాటను 100 దెబ్బల పాటతో కలపాలంటే మొదటిదాన్ని నాలుగు శాతానికి కొంచెం ఎక్కువగా పెంచాలని లెక్క వేసి మీట జరిపే బదులు, ఆ పనిని యంత్రానికి వదిలేయవచ్చు. నేను రెండు నెలలపాటు అలాగే చేశాను. దెబ్బ మీద దెబ్బ సరిగ్గా పడుతున్నా నా మిక్స్ వింటే ఏదో ఇబ్బందిగా ఉండేది, ఎందుకో మాత్రం తెలిసేది కాదు.

ఆ ఎందుకో చెప్పినవారు మా నాన్నగారు. ఆయన వయసులో ఉన్నప్పుడు ఊళ్లో చెక్కభజన బృందంలో ఆడేవారు. కాళ్లకు గజ్జెలు, చేతిలో చెక్కలు, గురువుగారు పాట అందుకోగానే ఇరవై మంది ఒక్క అడుగుగా తిరిగేవారు. సంక్రాంతి తరువాత మా ఇంటికి వచ్చి పది రోజులు ఉన్నప్పుడు ఒక రాత్రి నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, కళ్లు మూసుకుని, చూపుడు వేలితో బల్ల అంచు మీద తట్టుతూ విన్నారు. కాసేపటికి, “అడుగు బాగానే కలుస్తా ఉంది నాయనా, కానీ ఆ పాట ఇంకా సగం మాటలో ఉండగానే ఈ పాట నోరు తెరుస్తా ఉంది. మా గురువు చుట్టు పూర్తయ్యేదాకా అడుగు మార్చనిచ్చేవాడు కాదు,” అన్నారు. అప్పుడే వేళ్ల మీద లెక్కపెట్టి చూపించారు. నాలుగు దెబ్బలు ఒక ముక్క, అలాంటివి ఎనిమిదైతే ఒక చుట్టు, అంటే ముప్పై రెండు దెబ్బలు.

డీజేలు ఫ్రేజ్ అని పిలిచేది సరిగ్గా ఆ చుట్టునే. మనం ఆడే పాటల్లో ఎక్కువ భాగం నాలుగు దెబ్బల గతిలో ఉంటాయి. పల్లవి తిరిగి రావడం, డ్రమ్ములు చేరడం, వాద్యం మారడం వంటి పెద్ద మార్పులన్నీ చాలా వరకు ఎనిమిది, పదహారు, ముప్పై రెండు దెబ్బల మలుపుల దగ్గరే జరుగుతాయి. వేగం 120 అయితే ముప్పై రెండు దెబ్బలు నడవడానికి పట్టేది 16 సెకన్లు. ఆ 16 సెకన్లు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తున్నాయో చెవికి తెలియనంతకాలం సింక్ బటన్ ఎంత నొక్కినా ఇద్దరు మనుషులు ఒకరి మాటకు ఒకరు అడ్డం వస్తున్నట్లే ఉంటుంది. అందుకే ఆ మరునాటి నుంచి నెలరోజులు నేను కంట్రోలర్ ముట్టలేదు. ఆఫీసు బస్సులో సిల్క్ బోర్డు కూడలి దాటేదాకా చెవిలో పాట పెట్టుకుని, వేళ్ల కణుపుల మీద ముప్పై రెండు లెక్కపెట్టుకుంటూ, ఏ పాట ఏ చుట్టులో తిరుగుతుందో ఫోనులో రాసుకున్నాను. కొత్తగా మొదలుపెట్టేవారు ఈ ఒక్క పని ముందు చేస్తే నాలుగు నెలల తంటా తప్పుతుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

తెలుగు పాటలు మిక్స్ చేయాలనుకునేవారికి ఈ లెక్క మరీ అవసరం. హౌస్, టెక్నో వంటి డ్యాన్స్ సంగీతాన్ని డీజేల కోసమే తయారు చేస్తారు కాబట్టి మొదట్లోనూ చివర్లోనూ ఉత్త డ్రమ్ములు కొంతసేపు నడుస్తాయి, కలపడానికి చోటు దొరుకుతుంది. మన సినిమా పాట ఒక ఆలాపనతోనో వేణువుతోనో మొదలై, రెండో చరణం తరువాత పల్లవి పాడి టక్కున ఆగిపోతుంది. చోటు మనమే చేసుకోవాలి. ఇదిగో, పాటలో మాటలు లేని ఈ నాలుగు దెబ్బలను పట్టుకుని లూప్ బటన్ నొక్కితే, నేను వదిలేదాకా అవే తిరుగుతుంటాయి. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో తన చెల్లెలి వేడుకలో కూల్ హెర్క్ అనే డీజే జనం బాగా ఆడే డ్రమ్ముల ముక్కను పొడిగించడానికి వెతికిన దారి కూడా ఇలాంటిదే. ఒకే రికార్డు ప్రతులు రెండు తెచ్చి, ఒకదానిలో ఆ ముక్క అయిపోగానే రెండోదానిలో అదే ముక్క మొదలుపెట్టే పద్ధతి ఆయనది. ఆయన రెండు చేతులతో చేసినది ఇప్పుడు నేను ఒక వేలితో చేస్తున్నానన్న సంగతి ఈ బటన్ నొక్కిన ప్రతిసారీ గుర్తుకొస్తుంది.

పాత పాటల విషయంలో ఇంకో చిక్కు ఉంది. మద్రాసు స్టూడియోలలో వాద్యకారులందరూ ఒకేచోట కూర్చుని, సంగీత దర్శకుడి చేతిని చూస్తూ వాయించిన రోజుల్లో యంత్రం ఇచ్చే తాళం లేదు. పాట ఊపులో పడ్డకొద్దీ వేగం కొంచెం పెరుగుతుంది, ఎక్కడో మళ్లీ నెమ్మదిస్తుంది. వినేవారికి అది అందమే. కానీ సాఫ్ట్‌వేర్ మొత్తం పాటకు ఒకే వేగం అనుకుని దెబ్బదెబ్బకూ తెర మీద గీతలు గీస్తే, అర శాతం తేడా ఉన్నా వంద దెబ్బలు గడిచేసరికి అర దెబ్బ పక్కకు జరిగిపోతుంది. అలాంటి పాటలను నేను పొడుగ్గా కలపను. పల్లవి ముగిసే చోట ఎకో, అంటే ప్రతిధ్వని, ఇచ్చి, కొత్త పాటను మొదటి దెబ్బ నుంచి నేరుగా వదులుతాను. తీన్‌మార్ నడకలో ఉన్న పాటలకూ అదే పద్ధతి. ఒక్కో దెబ్బలో మూడు చిన్న దెబ్బలున్న తిశ్రం మీద, నాలుగుగా నడిచే చతురశ్రాన్ని పరిస్తే, పైన దెబ్బలు కలిసినా లోపల నడకలు గుద్దుకుంటాయి.

బాస్ గురించి, అంటే పాట అడుగున మోగే లోతైన శబ్దం గురించి, ఒక్క మాట. రెండు పాటల బాస్‌నూ ఒకేసారి వినిపిస్తే శబ్దం బురదగా మారుతుంది. అందుకని వచ్చే పాట బాస్‌ను పూర్తిగా తగ్గించి ఉంచి, చుట్టు మారే దెబ్బ మీద ఒకదాన్ని దించి రెండోదాన్ని ఎత్తాలి. శబ్దం స్థాయిని చూపే మిక్సర్ లైట్లను ఎరుపులోకి పోనివ్వకండి, ఎందుకంటే అక్కడ పగిలిన శబ్దాన్ని ముందున్న ఏ స్పీకరూ బాగుచేయలేదు.

ఇక ఉగాది సాయంత్రం. స్పీకర్లకు శబ్దం పంపడానికి ఈ కంట్రోలర్ వెనక సన్న పిన్ను పట్టే ఆర్‌సీఏ సాకెట్లు మాత్రమే ఉంటాయి. క్లబ్‌హౌస్‌లోని స్పీకర్లకేమో లావు పిన్ను కావాలి. ఆ వైరు కోసం అంతకుముందు శనివారమే ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డుకు వెళ్లి రెండు జతలు తెచ్చుకున్నాను, ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుందని. పచ్చడి, పంచాంగం అన్నీ అయ్యాక ఏడున్నరకు నా వంతు వచ్చింది. ప్లగ్ పాయింట్ హాలు వెనక గోడకు ఉండటంతో నా బల్లను అక్కడే వేశారు. స్పీకర్లు వేదిక దగ్గర, నాకు సుమారు పదిహేడు మీటర్ల దూరంలో ఉన్నాయి. ఇంట్లో వందసార్లు సరిగ్గా కలిసిన రెండో పాట, అక్కడ డప్పు పక్కన ఇంకో డప్పు వెనకబడి మోగినట్లు వినిపించింది. ముందు వరుసలో ఆడుతున్న పిల్లలు ఆగి వెనక్కి తిరిగి చూశారు.

కారణం ఆ రాత్రి ఇంటికి వచ్చాక లెక్క వేసుకుంటే తెలిసింది. ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. పదిహేడు మీటర్లు దాటి నా చెవికి చేరడానికి సెకనులో ఇరవయ్యో వంతు పడుతుంది. నేను ఆలస్యంగా వస్తున్న హాలు శబ్దాన్ని ఒక చెవితో, ఆలస్యం లేని కొత్త పాటను హెడ్‌ఫోన్ ఉన్న చెవితో విని, రెండూ కలవలేదనుకుని జాగ్ వీల్‌ను వెనక్కి నెట్టాను. అప్పటిదాకా సరిగ్గా ఉన్నదాన్ని నేనే చెడగొట్టాను. పెద్ద వేదికల మీద డీజే పక్కనే చిన్న స్పీకర్లు పెట్టేది ఇందుకే. ఆ క్షణంలో ఇదంతా తెలియకపోయినా, తోచిందల్లా రెండు డెక్‌ల క్యూ బటన్లూ నొక్కి రెండు పాటలనూ హెడ్‌ఫోన్లలోనే వినడం. అలా చేయగానే లెక్క దారికొచ్చింది. మూడో పాట ముప్పై రెండో దెబ్బ దాటి మొదటి దెబ్బ మీద పడినప్పుడు, చీరకొంగులు నడుముకు దోపుకుని పిన్నిగార్లు నలుగురు కుర్చీల్లోంచి లేచారు.

రాత్రి పది తరువాత బయటికి వినపడేలా స్పీకర్లు మోగించకూడదన్న నియమం ఉంది కాబట్టి తొమ్మిదీ ముప్పావుకే ఆపేశాను. వీడియో పంపితే నాన్నగారు రెండుసార్లు విని, ఆ తడబడిన చోటును నిమిషం, సెకనుతో సహా చెప్పారు. వచ్చే నెల కదిరి వెళ్తున్నాను. ఆయన పాత బృందంలో ఇప్పటికీ చెక్కలు పట్టుకునే ఐదుగురు ఉన్నారట. వాళ్ల చెక్కల మోత రికార్డు చేసుకుని, మాటలు లేని ముప్పై రెండు దెబ్బల ముక్కలుగా కోసి, సినిమా పాటల నడుమ చోటు లేని దగ్గర వాటినే వాడాలని నా ఆలోచన. మైకు ఇప్పటికే కొని పెట్టుకున్నాను.