వేట లేని రోజుల్లో హార్బర్

నమస్తే అండీ. పోయిన ఆదివారం మన విశాఖ ఆర్.కె. బీచ్‌లో స్కెచ్ వేసుకుంటున్నాను. ఫైన్ ఆర్ట్స్ చదువుతున్న ఒక అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది. "అన్నా, రెండు నెలలుగా ఒక్క బొమ్మా రావట్లేదు. ఇక నా వల్ల కాదేమోనని టెన్షన్‌గా ఉంది" అంది. అప్పుడు సరైన జవాబు తోచలేదు. ఇంటికొచ్చాక తోచింది. అందుకే ఈ వీడియో.

నేను రోజూ పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్తాను. మామూలు రోజుల్లో అక్కడ వేలంపాటల అరుపులు, ఐసు కొట్టే చప్పుడు, గంపల్లో వంజరాలు, చందువలు. ఇప్పుడు అవేం లేవు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తీరంలో మరబోట్లకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కదా.

మొదటి ఏడాది, ఈ రోజుల్లో అక్కడ గీయడానికి ఏముంటుందిలే అనుకున్నాను. వెళ్లి చూస్తే ఎక్కడ చూసినా పనే. వలలు నేల మీద పరిచి, కాలి బొటనవేలికి తగిలించుకుని, చిరుగులు అల్లుతున్నారు. ఇంజిన్లు విప్పారు. బోట్లు ఒడ్డుకెక్కించి రంగులు వేస్తున్నారు. ఈ రెండు నెలలూ ఆ ఇళ్లలో డబ్బుకి ఇబ్బందే. అయినా ఆ పని ఆపరు. ఇప్పుడు వల బాగుచేసుకోకపోతే జూన్‌లో సముద్రం మీదకి ఏం పట్టుకెళ్తారు?

చెల్లీ, నీ రెండు నెలలు కూడా ఇలాగే వాడుకో. బొమ్మ రాకపోతే రాకపోనీ, బల్ల దగ్గర కూర్చునే టైము మాత్రం మార్చకు. కాగితాలు కోసి పెట్టుకో. పాత స్కెచ్‌లోంచి ఒక చెయ్యి తీసుకుని పదిసార్లు గీయి. రంగుల చార్టు వేయి. నీలంలో ఎన్ని నీళ్లు కలిపితే బొమ్మలో యారాడ కొండ దూరంగా జరుగుతుందో చూడు. నాకు ఇదంతా ఆర్టు పనిలాగే అనిపిస్తుంది, నిజంగా.

ఉద్యోగం చేస్తూ బొమ్మలు వేయడం తక్కువ అనుకునేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. కథలు రాసిన రావిశాస్త్రి గారు ఈ ఊళ్లోనే వకీలుగా చేసేవారు. కోర్టులో చూసిన సారా కేసుల మనుషులే ఆయన కథల్లోకి నడిచొచ్చారు.

డబ్బు సంగతి ఒక్కటి. అడ్వాన్స్ తీసుకోకుండా పని మొదలుపెట్టొద్దు. ఒకాయనకి పన్నెండు పోస్టర్లు వేసిచ్చి, ఏడాది తిరిగి, చివరికి వదిలేసుకున్నాను. అప్పటినుంచి రేటు, తేదీ రెండూ కాగితం మీద రాయించుకుంటున్నాను.

ఇవాళ పొద్దున ఒక బోటు ముక్కుకి కొత్తగా నీలం వేశారు. ఇంకా ఆరలేదు, ఎండకి మెరుస్తోంది. అరగంట కలిపినా నాకు ఆ నీలం దొరకలేదు. ఇప్పుడు మీ ముందే ఇంకో చార్టు మొదలుపెడుతున్నాను, చూడండి.