సబ్‌సెంటరు డబ్బులు ఎందుకు మిగిలిపోతున్నాయి?

(మే 12, నర్సుల దినోత్సవ సభలో ఒక విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకురాలి ప్రసంగం)

వేదిక మీదున్న డాక్టరు గారికి, ఎంపీడీఓ గారికి, పనులు మానుకుని వచ్చిన సర్పంచులకి నమస్కారం. సబ్‌సెంటర్లలో పనిచేసే నా తోటి నర్సమ్మలు ఏఎన్‌ఎంలకి, అక్కడి ఆరోగ్య అధికారులు సీహెచ్‌ఓలకి, ఊళ్లో ఇంటింటికీ తిరిగే ఆశా అమ్మలకి నమస్కారం. ఆశాలంతా అలా వెనక గోడ పక్కన నిలబడిపోయారేంటమ్మా? ముందు రెండు వరసలు ఖాళీగానే ఉన్నాయి కదా. వచ్చి కూర్చోండి. తొందరేం లేదు, నేను ఆగుతాను. ఈ సభ మీది. మీరు నిలబడి వింటుంటే నాకు మాట రాదు.

శాలువా కప్పినందుకు చాలా సంతోషం. రిటైరైపోయిన మనిషిని గుర్తుపెట్టుకుని కబురు చేయడం పెద్ద మాట. నాకు ఇచ్చిన అంశం "గ్రామీణ ఆరోగ్య సిబ్బందికి అందుబాటులో ఉన్న పథకాలు, సహాయాలు". పదిహేను నిమిషాలన్నారు. కాగితం మీద రాసుకునే వచ్చాను.

ముందు అందరికీ తెలిసిన లెక్కలు. మైదాన ప్రాంతంలో 5,000 మందికి, కొండ ప్రాంతంలో 3,000 మందికి ఒక సబ్‌సెంటరు, అంటే ఊళ్లో ఉండే చిన్న ఆరోగ్య కేంద్రం, ఉండాలి. 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, అదే పీహెచ్‌సీ, ఏజెన్సీలో అయితే 20,000 మందికే ఒకటి. 2005 ఏప్రిల్‌లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైంది. వెయ్యి మంది జనాభాకి ఒక ఆశా వచ్చింది. దాంతోపాటే సబ్‌సెంటరుకి కొంత సొమ్ము ఇచ్చారు, అన్‌టైడ్ ఫండ్ అని. అప్పట్లో ఏడాదికి 10,000 రూపాయలు. ఏఎన్‌ఎం, సర్పంచి ఇద్దరి పేరు మీద జాయింట్ అకౌంటు. ఇప్పుడు ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలుగా మారిన సబ్‌సెంటర్లకి 50,000 దాకా ఇవ్వాలని కేంద్రం మార్గదర్శకాల్లో ఉంది. జన ఆరోగ్య సమితి దాన్ని చూస్తుంది. సర్పంచి అధ్యక్షులు, సీహెచ్‌ఓ సభ్య కార్యదర్శి.

ఈ సొమ్ము దేనికి? కాన్పు అయ్యాక గది కడిగించడానికి. బ్లీచింగ్ పౌడరుకి, దూదికి, కట్లకి. తలుపు గడియ ఊడిపోతే బిగించుకోవడానికి. అర్ధరాత్రి ప్రాణం మీదికొచ్చిన మనిషిని పెద్దాసుపత్రికి పంపేటప్పుడు బండి కిరాయికి. పైవాళ్ల అనుమతి కోసం ఎదురుచూడకుండా అక్కడికక్కడ వాడుకోవాలని ఇచ్చిన డబ్బు అది. ఇంత మంచి ఆలోచన మన శాఖలో నేను ఇంకోటి చూడలేదు.

దీని తర్వాత ఆశా కిట్టు గురించి, ఈ-సంజీవని గురించి రాసుకున్నాను. చెబుతాను. కానీ ఇందాక ఒక పాప నైటింగేల్ గురించి చదివింది. చక్కగా చదివిందమ్మా. రాత్రిపూట దీపం పట్టుకుని సైనికుల మంచాల మధ్య తిరిగేదని చెప్పింది. దీపం అనగానే నాకు ఒక రాత్రి గుర్తొచ్చింది. అది చెప్పకుండా ముందుకు వెళ్లలేను. డాక్టరు గారు క్షమించాలి.

ఆషాఢ మాసం. అప్పుడు నేను కొండ కింద ఊళ్లో ఏఎన్‌ఎంని. సబ్‌సెంటరంటే రెండు గదుల అద్దె ఇల్లు. వాగు పొంగి 108 బండి అవతలి ఒడ్డునే ఆగిపోయింది. పై ఊరి నుంచి ఒక అమ్మాయిని డోలీలో మోసుకొచ్చారు. రెండో కాన్పు. దించేసరికే బిడ్డ తల కనిపిస్తోంది. కరెంటు సాయంత్రమే పోయింది. మొగుడు టార్చి పట్టుకున్నాడు, చేతులు వణుకుతున్నాయి. ఆ వెలుగులోనే బిడ్డ పుట్టాడు, ఏడ్చాడు. తుడిచి తల్లి గుండెల మీద పడుకోబెట్టి, పొడిగుడ్డ కప్పాను. రక్తం ఎక్కువ పోకుండా వెంటనే ఆక్సిటోసిన్ 10 యూనిట్లు వెయ్యాలి. ఆ మందు చలవలో ఉండాలి కాబట్టి వ్యాక్సిన్ క్యారియరులో ఐస్‌ప్యాకుల మధ్య పెట్టుకునేదాన్ని. ఆంప్యూల్ విరిచి సిరంజిలోకి లాగుతుంటే టార్చి మసకబారి ఆరిపోయింది.

ఇంటివాళ్ల ముసలమ్మ బుడ్డిదీపం తెచ్చిపెట్టింది. బుడ్డిదీపం వెలుగులో రక్తం నల్లగానే కనిపిస్తుంది, నేలా నల్లగానే కనిపిస్తుంది. ఎంత పోతోందో కంటికి తెలియదు. సూదిమందు వేసి, మాయ పడ్డాక దీపం దగ్గరికి తీసుకెళ్లి ముక్క ఏదైనా లోపల ఉండిపోయిందేమోనని తిప్పి తిప్పి చూశాను. తర్వాత పొత్తికడుపు మీద చెయ్యి వేసి గర్భసంచి గట్టిపడుతోందా లేదా అని చూసుకుంటూ, తడిసిన గుడ్డలు వేళ్లతో తడిమి లెక్కపెట్టుకుంటూ తెల్లారేదాకా కూర్చున్నాను. తల్లీబిడ్డా క్షేమంగా ఇంటికెళ్లారు.

ఆ వారం సంతలోనే ఛార్జింగ్ పెట్టే ఎమర్జెన్సీ లైటు ఒకటి కొన్నాను. అన్‌టైడ్ ఫండ్ నుంచే. సర్పంచి గారు మారుమాట లేకుండా చెక్కు మీద సంతకం పెట్టారు. సంత దుకాణం కదా, తెల్లకాగితం మీద రాసిచ్చాడు. స్టాకు రిజిస్టరులో ఎక్కించాను. ఆ లైటు వెలుగులో తర్వాత ఎన్నో కాన్పులు అయ్యాయి.

ఏడాది తిరిగాక ఆడిట్ వాళ్లొచ్చారు. కొటేషన్లు ఏవన్నారు. ముద్ర ఉన్న బిల్లేదన్నారు. సంతలో మూడు కొటేషన్లు ఎవరిస్తారండీ? లైటు ఎదురుగా బల్ల మీదే ఉంది. అయినా అభ్యంతరం రాశారు. వాళ్ల పని వాళ్లు చేశారు, ఆ సంగతి నాకు అర్థమవుతుంది. కానీ పైన నా అధికారులున్నారు కదా. "ఇది మా సిబ్బంది తల్లుల ప్రాణాలు కాపాడటానికి కొన్నది, నిబంధనలు దీనికే ఈ డబ్బు ఇచ్చాయి" అని జవాబు రాయాల్సింది వాళ్లు. ఒక్కరూ రాయలేదు. నా జీతంలోంచి కోశారు.

ఆ డబ్బు ఎప్పుడో మర్చిపోయాను. నన్ను ఈనాటికీ బాధపెట్టేది ఆ తర్వాత జరిగింది. కబురు చుట్టుపక్కల సబ్‌సెంటర్లన్నిటికీ పాకింది. నెలవారీ మీటింగులో ఎవరిని కదిపినా ఒకటే మాట, "ఎందుకొచ్చిన గొడవ అక్కా, ముట్టుకోకపోతే పోలా?" ఎవరూ ముట్టుకోలేదు. బ్లీచింగు సొంత డబ్బుతో కొన్నారు. బండి కిరాయికి రోగి తాలూకు వాళ్లు వడ్డీకి తెచ్చుకున్నారు. మార్చి నెలాఖరుకి అకౌంట్లో సొమ్ము అలాగే ఉంది. అది చూసి పైన ఏమనుకున్నారు? కింద అవసరం లేదనుకున్నారు. ఖర్చుని బట్టే మరుసటి ఏడాది ఇచ్చేది కాబట్టి, భయపడి దాచినందుకు మళ్లీ కోత పడింది.

అమ్మా, ఇక్కడున్న ఏఎన్‌ఎంలని, సీహెచ్‌ఓలని అడుగుతున్నాను. మొహమాటం లేకుండా చేతులెత్తండి. మీ అకౌంట్లో ఈ రోజు ఎంతుందో తెలిసినవాళ్లెంతమంది? ...సరే, దించండి. డాక్టరు గారు చూశారు కదా.

పథకాలు లేవని నేను అనను. ఉన్నాయి. మనిషికి చెక్కు పుస్తకం ఇచ్చి, వాడిన రోజు పక్కన ఎవరూ నిలబడకపోతే ఆ పథకం ఉన్నా లేనట్టే. నా మాట నమ్మకపోతే మహారాష్ట్రలోని గడ్చిరోలి చూడండి. ప్రాణహిత దాటితే అదే, తెలంగాణ పక్కనే. అక్కడ డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణి బంగ్ దంపతులు 39 ఊళ్లలో ఊరి ఆడవాళ్లకే పసిగుడ్డుల సంరక్షణ నేర్పారు. బరువు తూయడం, ఒళ్లు చల్లబడకుండా చూడటం, ఊపిరి లెక్కపెట్టడం, ఇన్‌ఫెక్షన్ సోకితే మందివ్వడం. మూడో ఏడాదికి నెలలోపు శిశువుల మరణాలు 62 శాతం తగ్గాయి. 1999లో లాన్సెట్ పత్రికలో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఈ రోజు మన ఆశా బాలింత ఇంటికి 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో వెళ్తోందంటే దానికి మూలం ఆ ఊళ్లే. 2011 నుంచి అది దేశమంతా వచ్చింది.

అందరూ కిట్టు గురించి చెబుతారు. తూనిక, థర్మామీటరు, వాచీ, దుప్పటి. గడ్చిరోలిలో ఇంకోటి కూడా ఉంది. పదిహేను రోజులకోసారి డాక్టరు ఊరికి వెళ్లి, ఆ కార్యకర్తతో కూర్చుని, ఆమె రాసింది చూసేవాడు. ఆ పదిహేను రోజుల రాకని మనం తీసుకోలేదు. కిట్టు తీసుకున్నాం. ఫారం తీసుకున్నాం. ఆరుసార్లు వెళ్తే 250 రూపాయలని రేటు కట్టాం. థర్మామీటరులో బ్యాటరీ అయిపోతే ఎవరికి చెప్పాలో ఆశాకి చెప్పలేదు. ఇక్కడ ఎంతమంది థర్మామీటర్లు పనిచేస్తున్నాయి? వద్దులెండి, మళ్లీ చేతులెత్తించను.

మంచి కూడా చెప్పాలి. సాలూరులో 2018లో గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ వాళ్లు ఖాళీగా ఉన్న శిక్షణ భవనాన్ని గర్భిణుల వసతి గృహంగా మార్చారు. రోడ్డు లేని కొండ ఊళ్ల నుంచి నెలలు నిండుతున్న అమ్మాయిల్ని ముందే తీసుకొచ్చి, తిండి పెట్టి, కాన్పు దాకా చూసుకున్నారు. నేను చెప్పిన ఆ రాత్రి లాంటిది రాకుండా చేసే పని అది. అక్కడ ఒక అధికారి "ఇది నా బాధ్యత" అని పూనుకున్నాడు. అలా పూనుకున్నాడు కాబట్టి కింద ఏఎన్‌ఎం కొండెక్కి "రా తల్లీ, అక్కడ నీకు మంచం ఉంది" అని ధైర్యంగా చెప్పగలిగింది. ఆ మాట చెప్పగలగడమే మాకు కావాల్సిన సహాయం.

సమయం అయిపోయిందంటున్నారు. రాసుకున్నవి గబగబా చెప్పేస్తాను. ఈ-సంజీవని 2019లో మొదలైంది. సీహెచ్‌ఓ తన దగ్గరున్న రోగిని ట్యాబులో హబ్ డాక్టరుకి చూపించొచ్చు. మంచి ఏర్పాటు. రోజుకిన్ని కాల్సని టార్గెట్ పెట్టి ఆ సీహెచ్‌ఓ పిల్లల్ని టెన్షన్ పెట్టకండి, నిజంగా అవసరమైన రోగికి డాక్టరు దొరికాడా లేదా అది చూడండి. ఏఎన్‌ఎంలు ట్యాబులో వివరాలు ఎక్కించే అన్‌మోల్ యాప్ వచ్చాక రిజిస్టర్ల బరువు తగ్గుతుందన్నారు. ట్యాబూ వచ్చింది, రిజిస్టర్లూ ఉన్నాయి. ఒకే బాలింత పేరు ఎన్నిచోట్ల రాయాలండీ? ఏదో ఒకటి తీసెయ్యండి.

ఆశా అమ్మలు ఇది మాత్రం చెవిన పెట్టుకోవాలి. 2018 నుంచి మీకు రెండు బీమాలున్నాయి. జీవన్ జ్యోతిలో 2 లక్షలు, సురక్షలో ప్రమాదానికి 2 లక్షలు. ప్రీమియం ప్రభుత్వమే కట్టాలి. జీవన్ జ్యోతిలో చేరడానికి వయసు 50 దాటకూడదు, సురక్షకి 70 దాకా ఉంది. మీ పేరు ఎక్కిందా, ఏ బ్యాంకు అకౌంటుకి ఎక్కింది, నామినీ ఎవరు, ఇవి మీ ఇంట్లోవాళ్లకి తెలియాలి. మీరు పోయాక వెతుక్కునేది వాళ్లే కదమ్మా. 2025 మార్చిలో మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆశాలకి గ్రాట్యుటీ, 180 రోజుల ప్రసూతి సెలవు, 62 ఏళ్ల దాకా పని అని ప్రకటించింది. ఆ ఉత్తర్వు కాపీ ఒకటి పీహెచ్‌సీ నోటీసు బోర్డు మీద పెట్టించండి డాక్టరు గారూ. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ఆశాలకి పురస్కారం ఇచ్చింది. ఆ కబురు ఎంత గొప్పగా చెప్పుకున్నామో ఈ కాగితం కూడా అంత శ్రద్ధగా అంటించాలి.

సర్పంచులకి ఒక మనవి. సంతకం కోసం మా అమ్మాయిల్ని మీ ఇంటి చుట్టూ తిప్పకండి. నెలలో ఒక రోజు మీరే సబ్‌సెంటరుకి వెళ్లండి. గది చూడండి, లైటు వేసి చూడండి, కుళాయి తిప్పి చూడండి. అక్కడే కూర్చుని సంతకం పెట్టండి. చిన్న కొనుగోళ్లకి ఏ బిల్లు సరిపోతుందో ఒక్క పేజీలో తెలుగులో రాయించి, కింద డాక్టరు గారి సంతకంతో ప్రతి సబ్‌సెంటరులో పెట్టాలని అడుగుతున్నాను. ఆడిట్ వచ్చిన రోజు డాక్టరు గారో, ఆయన మనిషో పక్కన కూర్చోవాలి. ఈ రెండింటికీ పైసా ఖర్చు లేదు. తేదీ ఎప్పుడో ఈ వేదిక మీదే చెప్పండి సార్, మినిట్స్‌లో రాసుకుంటారు.

ఏఎన్‌ఎంలూ, సీహెచ్‌ఓలూ, భోజనాలయ్యాక వెళ్లిపోకండి. పాస్‌బుక్కు తెచ్చినవాళ్లు తీసుకురండి, లేనివాళ్లు ఫోనులో బ్యాలెన్సు చూపించండి. మీ సబ్‌సెంటరులో ఏమేం కావాలో తలా ఒక కాగితం మీద రాయండి. సర్పంచులు ఇక్కడే ఉన్నారు, తీర్మానాలు ఈ మధ్యాహ్నమే రాసేద్దాం. నేను సాయంత్రం బస్సు దాకా ఇక్కడే ఉంటాను.