ఆటోక్లేవ్‌కు లొంగనిది: ప్రియాన్ సోకిన శస్త్ర పరికరాల శుద్ధి

హైదరాబాద్ ఆసుపత్రుల నుంచి వచ్చిన ఆపరేషన్ థియేటర్ నర్సులకు, సీఎస్‌ఎస్‌డీ (పరికరాలను శుద్ధిచేసే కేంద్ర విభాగం) టెక్నీషియన్లకు నమస్కారం.

సూక్ష్మజీవులను చంపడమంటే వాటి కణాన్నో, జన్యుపదార్థాన్నో పనికిరాకుండా చేయడమేనని మనం చదువుకున్నాం. ప్రియాన్‌కు ఆ రెండూ లేవు. మన మెదడులో సహజంగా ఉండే ఒక ప్రోటీన్ మడత తప్పితే అదే ప్రియాన్; అది పక్కనున్న మంచి ప్రోటీన్‌ను కూడా అదే వంకరలోకి లాగుతుంది. 1982లో ఈ పేరు పెట్టిన స్టాన్లీ ప్రూసినర్‌కు 1997లో నోబెల్ బహుమతి వచ్చింది. దీనివల్ల వచ్చే, మెదడును నాశనం చేసే క్రూట్జ్‌ఫెల్ట్–జాకబ్ వ్యాధి ఏటా పది లక్షల మందిలో ఒకరిద్దరికే కనిపిస్తుంది. అరుదే, కానీ ఆ లెక్కన కోటి జనాభాకు ఏటా పది మందైనా ఉండాలి.

పరికరాల ద్వారా ఇది సోకుతుందని జ్యూరిక్ ఉదంతం తేల్చింది. ఈ వ్యాధి ఉన్న రోగి మెదడులో అమర్చిన వెండి ఎలక్ట్రోడ్లను బెంజీన్‌తో తుడిచి, 70 శాతం ఆల్కహాల్‌తోనూ ఫార్మాల్డిహైడ్ ఆవిరితోనూ శుద్ధిచేసి మూర్ఛవ్యాధి ఉన్న ఇద్దరు యువ రోగులకు వాడగా, వారిద్దరికీ అదే వ్యాధి వచ్చిందని 1977లో ప్రచురితమైంది. రెండేళ్లకు పైగా గడిచాక, మళ్లీ మళ్లీ శుభ్రం చేసిన అదే ఎలక్ట్రోడ్‌ను ఒక చింపాంజీ మెదడులో పెడితే దానికీ వ్యాధి సోకింది. ఫార్మాల్డిహైడ్, గ్లూటరాల్డిహైడ్ ప్రోటీన్‌ను బిగించి పదిలపరుస్తాయే తప్ప నాశనం చేయవు. అందుకే ఫార్మలిన్‌లో (ఫార్మాల్డిహైడ్ ద్రావణంలో) ఉంచిన మెదడు ముక్కను కూడా పాథాలజీ వారు 96 శాతం ఫార్మిక్ ఆమ్లంలో గంటసేపు ఉంచుతారు.

నా దృష్టిలో అసలు ప్రమాదం ఆటోక్లేవ్‌లో, అంటే అధిక పీడన ఆవిరితో శుద్ధిచేసే యంత్రంలో కాదు, ఆపరేషన్ ముగిసినప్పటి నుంచి కడిగే తొట్టి దాకా గడిచే సమయంలో ఉంది. మెదడు కణజాలం స్టీలుపై ఒకసారి ఎండితే వదలదు. రక్తాన్నీ ద్రవాలనూ పీల్చే సకర్ గొట్టం లోపల అంటుకున్న పొర అయితే కంటికే కనిపించదు. మే నెల ఎండల్లో, ఏసీ ఆపేసిన థియేటర్‌లో ట్రే అరగంట ఉంటే చాలు. కాబట్టి వాడిన పరికరాన్ని వెంటనే తడిగా ఉంచాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 మార్గదర్శకాల్లో రెండు రసాయనాలు ప్రధానం. ఒకటి లీటరు నీటికి 40 గ్రాముల కాస్టిక్ సోడా, రెండోది 20,000 పీపీఎం (పది లక్షల భాగాల్లో 20,000 భాగాలు) క్లోరిన్ ఉన్న హైపోక్లోరైట్ అనే బ్లీచ్ ద్రావణం. దేనిలోనైనా గంటసేపు ముంచి ఉంచి, తర్వాత కడిగి ఆటోక్లేవ్ చేయాలి. 134 డిగ్రీల వద్ద 18 నిమిషాల ప్రీవాక్యూమ్ (ముందుగా గాలిని లాగేసి ఆవిరి నింపే) సైకిల్‌నూ ఆ మార్గదర్శకాలు పేర్కొన్నాయి. మనం రోజూ నడిపే మూడు నిమిషాల సైకిల్ దీనికి సరిపోదు. సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది, హైపోక్లోరైట్ స్టీలుకు తుప్పు పట్టిస్తుంది. పైగా వేడికి నిల్వ హైపోక్లోరైట్ బలం తగ్గుతుంది, కనుక ఎప్పటికప్పుడు కొత్తగా కలుపుకోవాలి. సోడాను నీటిలో వేయాలి, సోడాపై నీళ్లు పోయకూడదు.

ఇవన్నీ తట్టుకోలేని సున్నితమైన పరికరం నిర్ధారిత రోగి మెదడుకో, వెన్నుపాముకో, కంటి వెనుక భాగానికో తగిలితే దహనం చేయడమే మంచిది. ఖరీదైనదని బేరం ఆడకండి. కారణం తెలియని మతిమరుపు వేగంగా ముదురుతున్న రోగికి బయాప్సీ చేసేటప్పుడు, ముందే న్యూరాలజిస్టును అడిగి, ఒకసారి వాడి పారేసే సెట్ తీయించండి. అది లేకపోతే వాడిన సెట్‌ను శుభ్రపరచి, గట్టి మూత ఉన్న పెట్టెలో పెట్టి సీలు వేసి, రోగ నిర్ధారణ వచ్చేదాకా విడిగా ఉంచండి. ఏ ట్రే ఏ రోగికి వెళ్లిందో రిజిస్టర్‌లో లేకపోతే, నెలల తర్వాత వచ్చే ఆ రిపోర్టుతో మనం దేన్నీ వెతికి తీయలేం.